వెబ్‌సైటులకు వస్తువెక్కడ?

తెలుగులో వెబ్‌సైటు నడుపువారిని ఎవరిని కదిపినను నేడు మొదట వినవచ్చు మాట యొక్కటే: వ్రాయుటకు క్రొత్త విషయము దొరకుట లేదని. ఉదయముననే కంప్యూటరు ముందు కూర్చుండి, రాత్రికి రాత్రి ఇతర సైటులలో ఏమేమి వచ్చినదో చూచి, గూగులులో ఏ మాటను ఎందరు వెదకుచున్నారో లెక్కకట్టి, ఇంగ్లీషు పత్రికలలోని నాలుగు వ్యాసములను తెలుగునకు త్రిప్పి, ఒక నటుని పెండ్లి వార్తకో ఒక రాశిఫలమునకో ఆశ్చర్యార్థకముల నంటించి, సాయంకాలమునకు తమకు విధింపబడిన సంఖ్యను పూర్తిచేయు యువకులను నేనెరుగుదును. వారిలో చాలమంది ప్రతిభావంతులు, భాష తెలిసినవారు, మంచి వ్రాత వ్రాయవలెనను కోరికతోనే ఈ వృత్తిలోనికి వచ్చినవారు. దొరకుట లేదని వారు చెప్పు మాట అబద్ధము కాదు. వారిని వెదకుమని కూర్చుండబెట్టిన చోట అది నిజముగనే లేదు.

ఎవరో వ్రాసినదాని నుండి మరియొకటి వ్రాయుట ఒకే కుండలోని నీటిని పది చెంబులకు మార్చుట వంటిది. చెంబులు పెరుగును గాని నీరు పెరుగదు. జనులు ఏ మాటను వెదకుచున్నారో తెలుపు లెక్కలు నిరుపయోగములని నేననను. పండుగ ఏ దినమున పడినదో, పరీక్షా ఫలితములు ఎప్పుడు వెలువడునో తెలియగోరువారికి సమాధానమిచ్చుట కూడ సేవయే. కాని ఆ లెక్కలకు అందనిది యొకటి కలదు. ఒక ప్రశ్నను రెండు మూడు పర్యాయములు తెలుగులో వెదకి, సమాధానము దొరకక, ఇక తెలుగులో అడిగి లాభము లేదని మానుకొన్నవాని జాడ అందుండదు. వెదకుట యనునది యొకటి కలదనియే ఎరుగని వృద్ధుని జాడ అంతకన్న నుండదు. ఇట్లు అడుగుట మానినవారిని, అడుగుట నేర్వనివారిని విడిచి, తక్కినవారిని మాత్రమే లెక్కించి, తెలుగువారికి సినిమా తప్ప వేరొక ఆసక్తి లేదని తీర్పు చెప్పు సంపాదకులను చూచినపుడు నాకు బాధ కలుగును. పెట్టినది తిన్నవానిని చూపి, వానికి ఇదియే ఇష్టమని చెప్పుట న్యాయము కాదు.

2022 చివర చాట్‌జీపీటీ వెలువడినది మొదలు ఈ చిక్కు మరింత బిగిసినది. అడిగిన క్షణముననే వేయి మాటల వ్యాసమును అల్లి యిచ్చు యంత్రము చేతనుండగా మనిషి వ్రాయనేల యను ప్రశ్న ప్రతి కార్యాలయములోను వినబడుచున్నది. ఆ యంత్రము యొక్క శక్తిని తక్కువ చేసి చెప్పుట నా యుద్దేశము కాదు. అయితే ఇంతకు పూర్వము వ్రాయబడినదానిని కూర్చుటయే దాని పని. తెలుగులో వ్రాయబడినది ఇంగ్లీషుతో పోల్చిన మిక్కిలి స్వల్పము. అందుచేత ఇంగ్లీషు దేశములవారి జీవితమే మన మాటలలో మనకు వినవచ్చుచున్నది. మధుమేహమునకు పథ్యము చెప్పు తెలుగు వ్యాసములను చదివినవారికి ఓట్సు, అవకాడో, ఆలివ్ నూనె అను పేరులు తరచుగా ఎదురగును. దినమునకు రెండు పూటలు రాగి సంగటి తిను రాయలసీమ రైతు ఎంత ముద్దతో ఆగవలెనో, అంబలి త్రాగి పనికి పోవు కూలీ మాత్రను ఏ వేళ మ్రింగవలెనో చెప్పు వ్యాసము మాత్రము కానరాదు. ఆ రైతును చూచుచున్న మండల ఆసుపత్రి వైద్యుడు ఆ సమాధానమును దినమునకు పది పర్యాయములు నోటితో చెప్పుచునే యున్నాడు. ఎవరును పోయి వ్రాసికొనలేదు, అంతియే.

ఈ చివరి వాక్యమునందే నేను చెప్పదలచినది యంతయు నున్నది. క్రొత్త విషయము వ్రాతలలో లేదు. తెలిసినవాని నోటిలో, చేతిలో, అడుగువాని అవసరములో నున్నది. దానిని సంపాదించుటకు కుర్చీ విడిచి పోవలెను. ఇది నేను కనిపెట్టిన మార్గము కాదు. తెలుగులో ఎన్నదగిన వచనమంతయు ఈ మార్గముననే పుట్టినదని చెప్పిన అతిశయోక్తి కాదేమో.

చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పరివారముతో కాశికి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, కలకత్తా, జగన్నాథముల మీదుగా సముద్రతీరపు బాటన 1831 సెప్టెంబరులో మరలి వచ్చిరి. కాశీ మహిమను వర్ణించుటకు ఆనాటికే పురాణములు, క్షేత్రమాహాత్మ్యములు కొల్లలుగా నుండెను. వానినే మరియొకసారి వచనములో చెప్పియున్నచో ఆయన పుస్తకము నేడు ఎవరికిని జ్ఞాపకముండదు. ఆయన పురాణములు విడిచినదానిని పట్టుకొనిరి. ఈ మజిలీలో నీరెట్టిది, బాట ఇసుకయా రాయియా, దిగుటకు చావడి యున్నదా, అంగడిలో ఏమి దొరకును, ఈ ఊరు ఎవరి యేలుబడిలో నున్నది, సుంకమెవరు గైకొందురు, ఇచటివారు ఏ మాట మాటలాడుదురు అని ప్రతి మజిలీలోను విచారించి, విన్నదియు కన్నదియు మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి తెలియజేయుచు వచ్చిరి. పిళ్ళగారు 1838లో దానిని అచ్చొత్తించిరి. తన వెనుక వచ్చు యాత్రికునకు ఏది కావలెను అను ఒక్క ప్రశ్న ఆ గ్రంథమునకు మూలము. నేడు కాశికి పోవు తెలుగువారు లక్షల సంఖ్యలో నున్నారు. వారికొరకు వ్రాయబడిన తెలుగు పుటలు కూడ అనేకములు. కాని వానిలో నూటికి తొంబది ఒకదానినొకటి చూచి వ్రాసినవే యని నాలుగు చదివినవారికే తెలియును. ఏ ఘట్టమున మెట్లు ఎత్తుగా నున్నవో, మోకాళ్ల నొప్పి గల ముసలితల్లిని ఏ దారిని తీసికొనిపోవలెనో చెప్పగల వీరాస్వామయ్య మనకు ఈనాడు ఒకడైనను కావలెను.

ఊరూరికి మనిషిని పంపి అడిగించుట మనకు క్రొత్త కాదు. కర్నలు మెకంజీ కొలువులో కావలి సోదరులు గ్రామగ్రామమున కరణముల చేత చెప్పించి కూర్చిన కైఫీయత్తులు లేకున్న, మన గ్రామములలో అనేకములకు చరిత్రయే దక్కియుండెడిది కాదు. ఆ తరువాతి కాలమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేసిన పని ఇంతకన్నను నాకు ఆదర్శప్రాయముగ తోచును. నిఘంటువు చేయదలచినవారు సాధారణముగా పూర్వ నిఘంటువులను ముందు పెట్టుకొందురు. ఆయన రైతును ముందు పెట్టుకొనిరి. జిల్లా జిల్లాకు పరిశోధకులను పంపి, నాగలిలో ప్రతి అంగమునకు, దుక్కిలో ప్రతి చాలునకు, ధాన్యపు కొలతలో ప్రతి మెట్టునకు అచటివారు ఏమందురో అడిగించి వ్రాయించిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశములో వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వెలువడినవి. ఒక వస్తువును, ఒక పనిని తీసికొని దానికి సంబంధించిన ప్రశ్నలను ముందుగనే సిద్ధముచేసికొని తెలిసినవాని యొద్దకు పోవుట అను ఆ పద్ధతిని అలవరచుకొన్న వెబ్‌సైటునకు పదియేండ్లవరకు వస్తువునకు కొదువ యుండదని నేను దృఢముగా చెప్పగలను.

చేనేతనే చూడుడు. తేలియా రుమాలు అను పేరు తెలుగువారిలో విననివారే అనేకులు. నూలును ఆముదపు కాయల బూడిదతోను నూనెతోను దినముల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, పిదప దారమును చిటికిలు కట్టి అద్దకము చేసి నేయు ఈ గుడ్డ ఒకప్పుడు చీరాలనుండి అరబ్బు దేశములకు ఎగుమతి యగుచుండెను. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాకలో ఆ విద్య నిలిచియున్నది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంతవరకు ఎవరైనను ఎచటనైనను చదివి వ్రాయవచ్చును, వ్రాసినారు కూడ. కాని ఆ బూడిద నీటిని ఎంత తేటపరుపవలెనో కంటితో ఎట్లు గుర్తింతురు? నూనె ఇంకినదని వ్రేళ్లకు ఎట్లు తెలియును? వాన దినములలో ఆరబెట్టుట ఎట్లు? చిటికి కట్టునపుడు దారము ఒక పోగు జరిగిన ఎన్ని గజముల తరువాత ఆ తప్పు బయటపడును? ఆ యింటి స్త్రీలు చేయు పనికి కూలి లెక్కలో చోటున్నదా? ఈ ప్రశ్నలకు మగ్గము ముందు కూర్చున్నవారే సమాధానము చెప్పగలరు. ఒక దినము వారి యింటి ముంగిట గడిపిన రచయితకు ఒక వ్యాసము కాదు, ఇరువది వ్యాసములకు వస్తువు దొరకును. ఇదే మగ్గమును విడిచి భివండికి, షోలాపురమునకు, సూరతునకు పోయిన తెలుగు నేతగాండ్ర మూడవ తరము పిల్లలు ఏ బడిలో ఏ భాషలో చదువుచున్నారో విచారింపబోయినవారికి మరియొక లోకమే తెరచుకొనును.

ఇక అవసరమునుండి పుట్టు విషయములు. వీనియందు నాకు పట్టుదల మిక్కిలి గలదు. ఏలయన ఇచట వ్రాయకపోవుటవలన మనుష్యులు నష్టపోవుచున్నారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతముల ఊళ్లనుండి దుబాయి, మస్కటు, దోహాలకు కూలికి పోవువారును, కడప, గోదావరి జిల్లాలనుండి కువైటునకు ఇంటిపనికి పోవు స్త్రీలును తమ ప్రయాణమును గురించిన జ్ఞానమునంతయు ఏజెంటు నోటినుండియే గ్రహించుచున్నారు. ఆజాద్ వీసా యనగానేమి, కఫీలు, అనగా అచటి యజమాని, పాస్‌పోర్టు నుంచుకొన్న ఏమి చేయవలెను, ఇంటికి మరలుటకు ఔట్‌పాసు ఎట్లు వచ్చును అను మాటలు ఆ ఊళ్ల రచ్చబండలమీద నిత్యము నలుగుచున్నవి. పాస్‌పోర్టులో ఈసీఆర్ అను ముద్ర గలవారు గల్ఫు దేశములకు ఉద్యోగమునకు పోవునెడల ప్రభుత్వపు అనుమతి పొందవలెననియు, ఆ అనుమతితోపాటు వచ్చు ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినవారికి ప్రమాద మరణమునకు 10 లక్షల రూపాయల రక్షణ కలదనియు, విజిటు వీసామీద పంపు ఏజెంటు ఈ రక్షణను తప్పించుచున్నాడనియు, నమోదైన ఏజెంటు సేవారుసుముగా గైకొనదగినది 30 వేల రూపాయలును దానిపై పన్నును మాత్రమే యనియు, ఈసీఆర్ పాస్‌పోర్టు గల స్త్రీ 30 ఏండ్లు నిండనిదే ఇంటిపనికి పోవుటకు అనుమతి లేదనియు తెలిసినవారు ఆ రచ్చబండమీద ఎందరుందురు? ఈ నియమములు రహస్యములు కావు. ప్రభుత్వ పత్రములలో ఇంగ్లీషున నున్నవి. వానిని తెలుగున పెట్టుట మొదటి మెట్టు మాత్రమే. ఆ నియమము ఊరిలో ఏ విధముగా తప్పింపబడుచున్నదో, ఏజెంటు ఏ మాటతో నమ్మించునో, వచ్చినవారు ఏమి పోగొట్టుకొనిరో అడిగి తెలిసికొని వ్రాసినపుడు అది మరి యెవరును వ్రాయని వ్రాత యగును.

పరదేశమున చనిపోయినవాని దేహము ఇంటికి చేరుటకు ఏమేమి కావలెను అను ప్రశ్నను తలచుకొనుడు. అచటి మరణ ధ్రువపత్రము, పోలీసు నివేదిక, భారత రాయబార కార్యాలయపు అనుమతి, రద్దుచేసిన పాస్‌పోర్టు, విమాన సంస్థ ఏర్పాటు: ఇన్నియును సమకూడవలెను. ఆ ఇంటివారు దుఃఖములో నుండి ఎవరి నడుగవలెనో తెలియక దినములు గడుపుదురు. ఆ కాగితములను వరుసగా, ఒక్కొక్కటి ఎవరు ఇత్తురో, ఎచట ఆలస్యమగునో, గడిచిన యేట ఆ దారి నడచిన కుటుంబమును అడిగి తెలిసికొని, ఇంటిలో చదువుకొన్న చిన్నపిల్ల పైకి చదివి వినిపించినను అర్థమగునంత తేటగా వ్రాసిన ఒక తెలుగు పుట, ఈనాటి సినిమా పుటలన్నింటికన్న విలువైనదని నేను నమ్ముచున్నాను. దానిని వెదకువారు కొలదిమందియే కావచ్చును. ఆ కొలదిమందికి అది లేకున్న మరి దిక్కు లేదు.

మీసేవ కేంద్రము ముందు వరుసలో ఒక పూట నిలిచినను ఇట్టి ప్రశ్నలు బుట్టలకొలది దొరకును. తెలంగాణమున పహాణి యన్నది, ఆంధ్రమున అడంగల్ అన్నది, 1బి యన్నది దేనికొరకు, బ్యాంకువారు ఏది అడుగుదురు, తండ్రి పేరున నున్న భూమి ముగ్గురు కొడుకుల పేరుల కెక్కుటకు ఎచట చిక్కుబడును, 2020లో తెలంగాణపు భూదస్త్రముల వేదికయైన ధరణిలో తప్పుగా నెక్కిన విస్తీర్ణమును 2025లో వచ్చిన భూభారతిలో ఎట్లు సవరించుకొనవలెను? కేంద్రము నడుపువానికి ఇవన్నియు కంఠస్థములు.

గ్రంథాలయములలో విషయము లేదా యని అడుగువారు ఉందురు. నిశ్చయముగ నున్నది. 1918లో పుట్టిన వేటపాలెపు సారస్వత నికేతనములోను, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయములోను ఉన్న ప్రాత పత్రికల సంపుటములను తిరుగవేసినవారు రిక్తహస్తములతో రారు. కాని ప్రాత పత్రికలోని వ్యాసమును ఎత్తి వెబ్‌సైటులో నిలుపుట ప్రచురణ యగునుగాని రచన కాదు. సురవరం ప్రతాపరెడ్డిగారు కావ్యములను అందరివలెనే చదివిరి. అయితే అందరును అలంకారములను వెదకిన చోట ఆయన ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, దొంగలు ఏ పనిముట్టులు వాడిరి అని వెదకి, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిరి. ప్రాత పుటలో క్రొత్త విషయము దొరకవలెనన్న క్రొత్త ప్రశ్నతో పోవలెను. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అని కార్తెలనుబట్టి విత్తు రైతు లెక్క యొకటి మనకున్నది; ప్రభుత్వపు వర్షమాపక లెక్కలు మరియొకచోట నున్నవి. ఒక్క మండలమును తీసికొని, ముప్పది యేండ్ల వానను కార్తెల వారీగా విడదీసి, తాత విత్తిన కార్తెలో మనుమడు నేడు విత్తవచ్చునా యని పరిశీలించి వ్రాసినచో, ఆ వ్యాసమును ఆ మండలములోని ప్రతి రైతును చదివించుకొని వినును.

తెలిసినవారిని అడిగి వ్రాయుటలో ఒక ధర్మము కూడ కలదు. చెప్పినవాని పేరు వేయవచ్చునా యని వానినే అడుగవలెను. వేయవచ్చునన్న వేయవలెను, వలదన్న మానవలెను. ఒకడు చెప్పినదానిని అదే పనిచేయు మరియిద్దరితో సరిచూడవలెను. అచ్చయిన పిదప చెప్పినవానికి చదివి వినిపింపవలెను. ఆ వినిపించిన దినముననే తరువాతి వ్యాసము దొరకును. ఏలయన విన్నవాడు ఇది సరియే గాని నీవు ఫలానాది అడుగనేలేదని అనక మానడు.

ఇదంతయు బాగుగనే యున్నది, దీనికి ఖర్చెవరు పెట్టుదురని యజమానులు అడుగుదురు. ఎన్ని పర్యాయములు చూడబడినదో దానినిబట్టి ప్రకటనల సొమ్ము వచ్చు ఈ వ్యాపారములో ఒక దినమునకు పది ముక్కలు వ్రాయు మనిషిని పల్లెకు పంపి పది దినములకు ఒక వ్యాసము తెప్పించుట నష్టమని వారి లెక్క. ఆ లెక్క ఒక దినమునకు సరియే. నటుని పెండ్లి వార్త రెండు దినములలో చచ్చును; భూమి పత్రముల వ్యాసమును, గల్ఫు కాగితముల వ్యాసమును నియమము మారినపుడెల్ల సరిదిద్దుచున్న యెడల ఏండ్ల తరబడి చదువుదురు, ఒకరికొకరు పంపుకొందురు. అంతకన్న ముఖ్యముగా, పది ముక్కల పనిని యంత్రము చేయ మొదలిడిన తరువాత, ఆ పది ముక్కలే తన సరుకని కూర్చున్న వెబ్‌సైటును పాఠకుడు ఎందుకు చూడవలెను? ఆ ప్రశ్నకు యజమానుల యొద్ద నాకు ఇంతవరకు సమాధానము దొరకలేదు.

పల్లెకు మనిషిని క్రొత్తగా పంపవలసిన పనియు అంతగా లేదు. 1989లో ఈనాడు జిల్లా పత్రికలను ప్రారంభించిన నాటినుండి తెలుగు పత్రికలకు మండల మండలమునను విలేకరి యున్నాడు. అతడు ఆ ఊరివాడు. ఏ చెరువునకు ఏ తూము చెడినదో, ఏ వీధిలో కడపటి కుమ్మరి యున్నాడో, ఏ యింటినుండి ఎవరు మస్కటునకు పోయి రాలేదో ఎరిగినవాడు. ప్రమాదము జరిగిన, నాయకుడు వచ్చిన ఆరు పంక్తులు పంపుమని మాత్రమే అతనిని అడుగుచున్నాము. ఆ ఆరు పంక్తులకే అరకొర పారితోషికము నిచ్చుచున్నాము. నెలకు ఒక్క పర్యాయము, సంఘటన ఏదియు లేకున్నను, తన మండలములో జనులు తనను తరచుగా అడుగు ఒక ప్రశ్నను తీసికొని దానికి సమాధానమెరిగినవారిని పట్టుకొని రెండు పుటలు వ్రాయుమని, దానికి ప్రయాణపు ఖర్చును, మర్యాదగల పారితోషికమును ఇచ్చెదమని, వ్యాసముక్రింద అతని పేరును ఉంచెదమని ఏ పత్రిక యజమానియైనను రేపు ఉదయము ఉత్తరువు పంపవచ్చును. రెండు రాష్ట్రములలోను కలిపి మండలములు వేయికి మించియున్నవి.